ఒకే సీడ్, రెండు చెరువులు: వాకాడు దగ్గర ఒక ఈహెచ్‌పీ కేసు

"సార్, ఒకటో చెరువులో రొయ్య బాగానే వస్తోంది. రెండో చెరువులోది మేత తింటోంది, ఎదగట్లేదు. చావనన్నా చావట్లేదు. చచ్చుంటే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేవాళ్లం."

రైతు ఫోన్లో చెప్పిన మాటలివి. సగం రోగనిర్ధారణ ఇందులోనే ఉంది. తెల్లమచ్చ వైరస్ వచ్చిన చెరువు వారం పది రోజుల్లో ఖాళీ అవుతుంది, ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈహెచ్‌పీ దారి వేరు. ఎంటెరోసైటోజూన్ హెపటోపెనియై అనే ఈ పరాన్నజీవి రొయ్యను బతకనిస్తుంది, ఎదగనివ్వదు. పెట్టిన మేతలో వాటా తీసుకుంటూ పంట చివరిదాకా రైతుతోనే ఉంటుంది.

తిరుపతి జిల్లా అనగానే కొండే గుర్తొస్తుంది గానీ, జిల్లాకు తూర్పు అంచు సముద్రం. శ్రీకాళహస్తి గుడి పక్కన పారే స్వర్ణముఖి బంగాళాఖాతంలో కలిసేది వాకాడు వైపే. అక్కడి ఉప్పునీటి కాలువల మీద ఆధారపడి వనామి చెరువులు నడుస్తాయి. నేను తిరుపతిలో ఉంటాను, నాయుడుపేట మీదుగా ఆ చెరువులు చూసి రావడం నా పని.

ఈ కేసులో చెరువులు రెండు, ఒక్కోటి ఎకరం, మధ్యలో ఒకటే గట్టు. ఫిబ్రవరిలో ఒకే రోజు సీడ్, అంటే రొయ్య పిల్ల, వేశారు. ఒకే హేచరీ, ఒకే ట్యాంకు పిల్ల, పీఎల్-12 (లార్వా దశ దాటి పన్నెండు రోజులైనది), ఎకరానికి లక్షన్నర. హేచరీ ఇచ్చిన పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) రిపోర్టులో తెల్లమచ్చ వైరస్ లేదు, ఈహెచ్‌పీ లేదు. మేత ఒకే కంపెనీది, వేసే మనిషి కూడా ఒకడే. ఇన్ని విషయాలు కలిసిన చెరువులు పక్కపక్కనే దొరకడం మాలాంటి వాళ్లకు అదృష్టం. తేడా ఎక్కడుందో వెతకాల్సిన చోటు చిన్నదైపోతుంది.

48వ రోజు విసురు వల వేయించాను. ఒకటో చెరువు సగటు 5.8 గ్రాములు. రెండోది 3.4. సగటు కంటే నన్ను ఆపింది సైజు తేడా. ఒకే వలలో ఏడు గ్రాములది ఉంది, దాని పక్కనే గ్రాము తూగనిదీ ఉంది. మేత చాలకపోయినా సైజు తేడా వస్తుంది గానీ ఇంతలా రాదు. పెంకు కొన్నిటికి మెత్తగా ఉంది. పేగు మధ్యమధ్య తెగిపోయినట్టు ఖాళీగా కనిపించింది. గాలివాలు మూలలో తెల్లటి రెట్ట పోగులు కొన్ని తేలుతున్నాయి. నీళ్లలో తప్పు పట్టడానికేమీ లేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ నాలుగున్నర, పీహెచ్ 8, ఉప్పుశాతం 28 పీపీటీ (వెయ్యి పాళ్లకు 28). పక్క చెరువులోనూ ఇంచుమించు ఇవే అంకెలు.

చిప్పల మీద పడిన నింద

నేను వెళ్లేసరికే ఒక వైద్యం జరిగిపోయింది. దగ్గర్లోని ఒక ల్యాబులో రొయ్య పేగు సూక్ష్మదర్శినిలో చూసి గ్రెగరైన్ అనే పేగు పరాన్నజీవి అన్నారట. మందుల షాపులో పేగుపురుగుల మందు మేతలో కలపమని ఇచ్చారు. పైగా గ్రెగరైన్ చిప్పల నుంచి వస్తుందని ఎవరో చెప్పారు. దాంతో రైతు, ఆయన బావమరిది కలిసి కూలీల్ని పెట్టి తూము గోడకు, పైపులకు అంటుకున్న ఆలిచిప్పలన్నీ గునపంతో గీకించారు. గట్టు మీద చిప్పల కుప్ప ఇంకా ఉంది. అరచేతులు కోసుకుపోయిన కూలీ ఒకతను నాకు చేతులు చూపించాడు.

చిప్పల మాట ఎవరో ఊరికే పుట్టించింది కాదు. రొయ్యల్లో ఉండే గ్రెగరైన్లకు నిజంగానే రెండు ఇళ్లు కావాలి. నెమటాప్సిస్ అనే రకం పీతలోనో రొయ్యలోనో పేగులో పెరుగుతుంది. రెట్టతో బయటపడిన దాని రూపం ఆలిచిప్పలాంటి జీవి మొప్పల్లోకి చేరి అక్కడ గట్టి పొరలో కూర్చుంటుంది. ఆ చిప్పను పీత తింటే చక్రం మళ్లీ మొదలు. అమెరికాలో ఆయిస్టర్లనే ఆలిచిప్పల మీద, బురద పీతల మీద చేసిన పరిశీలనతో నెమటాప్సిస్ ఆస్ట్రియేరమ్ జీవితచక్రాన్ని 1940లోనే వివరించారు. రొయ్యల్లో ఉండే మరికొన్ని గ్రెగరైన్లకు ఆ మధ్య ఇల్లు బురదలోని పాలీకీట్ పురుగు. ఇలాంటి చక్రంలో రెండో ఇంటిని తీసేస్తే పరాన్నజీవికి దారి మూసుకుపోతుంది. చిప్పలు గీకడం వెనక ఉన్న ఆలోచన ఇదే. ఆలోచన సరైనదే. చెరువులో ఉన్నది గ్రెగరైన్ అయ్యుంటే.

ఆయిస్టర్ రోగాల్లో కూడా ఈ తేడా చాలా పెద్దది. అమెరికా తూర్పు తీరంలో డెర్మో అని పిలిచే రోగానికి కారణమైన పెర్కిన్సస్ మెరైనస్ ఒక చిప్ప నుంచి ఇంకో చిప్పకు నీటి ద్వారా నేరుగా పోతుంది. ఫ్రాన్సు ఆయిస్టర్లను దెబ్బతీసిన మార్టీలియా అనే పరాన్నజీవి అలా నేరుగా అంటించబోతే అంటలేదు. దాని మధ్య ఇల్లు కోపెపాడ్ అనే నీటిలో తేలే చిన్న జీవి అని 2000 తర్వాతే తేలింది. 1957లో డెలవేర్ అఖాతంలో బయటపడిన ఎంఎస్ఎక్స్ అనే మరో ఆయిస్టర్ రోగం చక్రం ఇంకా పూర్తిగా దొరకలేదు. రోగం పేరు తెలిసినంత మాత్రాన ఎక్కడ అడ్డుకట్ట వేయాలో తెలియదు. చక్రం తెలియాలి.

స్లైడు మీద కనిపించింది

పది రొయ్యలు తీసుకుని చెరువు షెడ్డులోనే స్లైడ్లు చేశాను. రొయ్య తలపెంకు ఎత్తితే లోపల గోధుమ రంగు ముద్ద ఉంటుంది, రైతులు లివర్ అంటారు, పుస్తకాల్లో హెపటోపాంక్రియాస్. రెండో చెరువు రొయ్యల్లో అది చిన్నబోయి, పాలిపోయి ఉంది. కొంచెం ముద్ద తీసి ఒక చుక్క ఉప్పునీటిలో నలిపి, కవర్ స్లిప్ వేసి చూస్తే సన్నటి పారదర్శకమైన పురుగుల్లాంటివి గుంపులుగా కనిపించాయి. గ్రెగరైన్ అన్న ల్యాబు చూసింది కూడా వీటినే అయ్యుంటుంది. చాలామంది పొరబడేదిక్కడే.

గ్రెగరైన్ ఒక జీవి. దానికి కేంద్రకం ఉంటుంది, తల భాగానికీ ఒంటి భాగానికీ మధ్య అడ్డగోడ కనిపిస్తుంది, తాజా స్లైడు మీద మెల్లగా జారుతుంది కూడా. ఈ స్లైడు మీద ఉన్నవాటికి ఇవేవీ లేవు. లివర్ గొట్టాల లోపలి కణాల మీద నూగులాంటి మైక్రోవిల్లై ఉంటుంది. కణం దెబ్బతిన్నప్పుడు ఆ నూగు ఊడి, చుట్టుకుని, పురుగు ఆకారంలో పేగులోకి కొట్టుకొస్తుంది. అంటే అది పరాన్నజీవి కాదు, రొయ్య సొంత ఒంటి ముక్క. దానికి పురుగు మందు వేస్తే ఏం చావాలి?

ఆ స్లైడు చెప్పింది లివర్ కణాలు రాలుతున్నాయని మాత్రమే. ఎందుకు రాలుతున్నాయో చెప్పలేదు. ఈహెచ్‌పీ స్పోరు (రొయ్య నుంచి రొయ్యకు పోయే గట్టి గోడ ఉన్న రూపం) పొడవు మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే ఏదో కాస్త ఎక్కువ, వెడల్పు అంతకంటే తక్కువ. రంగు వేసి, ఆయిల్ పెట్టి వెయ్యి రెట్లు పెంచి చూసినా బ్యాక్టీరియా మధ్య అది దొరకడం కష్టం. చెరువు గట్టు మీద కూర్చుని ఈహెచ్‌పీ ఉందనో లేదనో తేల్చేసేవాళ్ల మాట నేను నమ్మను.

రెండు చెరువుల నుంచీ విడివిడిగా బతికున్న రొయ్యలను శుభ్రమైన టబ్బుల్లో కాసేపు ఉంచి, వేసిన రెట్టను డ్రాపర్‌తో పీల్చి, లివర్ ముక్కలతో పాటు ఆల్కహాల్లో పెట్టి రియల్ టైమ్ పీసీఆర్‌కు పంపాను. టబ్బులు, డ్రాపర్లు చెరువుకొక జత, ఇక్కడ కక్కుర్తి పడితే రిపోర్టుకు అర్థముండదు. రెండో చెరువు సీటీ విలువ (పరాన్నజీవి డీఎన్ఏ పసిగట్టడానికి దాన్ని ఎన్నిసార్లు రెట్టింపు చేయాల్సి వచ్చిందో చెప్పే అంకె) 19. ఒకటో చెరువుది 34. సీటీ తగ్గేకొద్దీ పరాన్నజీవి ఎక్కువని అర్థం. ఒక్కో అంకెకు దాదాపు రెండింతలు చొప్పున లెక్కేస్తే, 15 అంకెల తేడా అంటే ముప్పై వేల రెట్ల పైమాటే. కాబట్టి ఒకటో చెరువులోనూ ఈహెచ్‌పీ ఉంది. ఉండడం వేరు, రోగంగా మారడం వేరు. పాజిటివ్ అన్న ఒక్క మాట చూసి చెరువు ఎత్తేసే రైతులున్నారు. రిపోర్టులో నేను ముందు వెతికేది సీటీ అంకెనే.

దాని చక్రం ఎలా తిరుగుతుంది

ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా అనే వర్గానిది, బూజులకు దగ్గరి చుట్టం. థాయిలాండ్‌లో టైగర్ రొయ్యల్లో చూసి 2009లో పేరు పెట్టారు. మన దేశంలో వనామి సాగుకు అనుమతి వచ్చిందీ ఆ ఏడాదే.

చెరువు అడుగున ఉన్న స్పోరును రొయ్య మేతతోనో రెట్టతోనో చచ్చిన రొయ్యతోనో కలిపి మింగుతుంది. స్పోరు లోపల సన్నటి గొట్టం ఐదారు చుట్లు చుట్టుకుని ఉంటుంది. లివర్ గొట్టాల్లోకి చేరాక ఆ గొట్టం చొక్కా చేతిని లోపలి నుంచి తిరగేసినట్టు విసురుగా బయటికొచ్చి పక్క కణంలోకి గుచ్చుకుంటుంది. స్పోరులోని సరుకంతా ఆ గొట్టం గుండా కణంలోకి దిగుతుంది. అక్కడ అది గోడ లేని ముద్దగా పెరుగుతుంది, కేంద్రకాలు ఒకటి రెండై, రెండు నాలుగై పోతూ ఉంటాయి. ముద్ద ఇంకా విడిపోకముందే అందులో కొత్త స్పోర్లకు కావాల్సిన గొట్టాలు తయారవడం మొదలవుతుంది. తర్వాత ఒక్కో కేంద్రకం చుట్టూ గోడ కట్టుకుని ఒక్కో స్పోరు. కణం పగిలితే కొన్ని పక్క కణాల్ని పట్టుకుంటాయి, మిగిలినవి రెట్టతో మళ్లీ చెరువు అడుక్కి.

చక్కెరను విరిచి శక్తి తయారుచేసుకునే జన్యువుల్ని కూడా ఈ జీవి పోగొట్టుకుంది. తనకు కావాల్సిన శక్తి మొత్తం రొయ్య కణం నుంచే లాక్కుంటుంది. రైతు "తింటోంది, ఎదగట్లేదు" అన్నది అక్షరాలా ఇదే. రొయ్య తన కొవ్వును, శక్తిని దాచుకునే చోటే దీని కాపురం.

ఈ చక్రంలో రెండో ఇల్లు లేదు. రొయ్య, రెట్ట, అడుగు, మళ్లీ రొయ్య, అంతే. పాలీకీట్లలో, ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవిలో, ఏరియేటర్లకూ పైపులకూ అంటుకునే చిప్పల్లో స్పోర్లు దొరుకుతాయన్నది నిజమే. కానీ అవి మోసేవే, వాటిలో చక్రంలోని ఏ దశా జరగాల్సిన పని లేదు. గీకిన చిప్పలు మళ్లీ అంటుకోకపోయినా రోగానికి వచ్చే నష్టం లేదు.

తేడా ఎక్కడుంది

సీడే కారణమైతే రెండు చెరువులూ దాదాపు ఒకేలా ఉండాలి. హేచరీ రిపోర్టు నెగెటివ్ అన్నంత మాత్రాన సీడ్ మొత్తం శుభ్రమని నేననను. లక్షల పిల్లల్లో కొన్నిటిని నలిపి చేసే పరీక్ష అది, తక్కువ మోతాదు తప్పించుకోగలదు. ఒకటో చెరువులోని ఆ 34 బహుశా అలా వచ్చిందే, కాకపోతే ఉమ్మడి వలతో వచ్చింది. కానీ రెండో చెరువులోని 19కి ఇంకేదో కావాలి.

పాత పంట గురించి అడిగితే అప్పుడు చెప్పారు. కిందటిసారి కూడా రెండో చెరువులో కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య, తక్కువైతే రొయ్య పెద్దది) సరిగా రాలేదు, తెల్ల రెట్ట పోసింది, చలికాలం కదా అనుకున్నారు. పట్టుబడి అయ్యాక ఒకటో చెరువు పూర్తిగా ఎండి, నెర్రెలిచ్చింది, నల్లబురద ట్రాక్టరుతో తోలించారు. రెండోది పల్లంలో ఉంది. తుపాను వానలకు నీళ్లు నిలిచాయి, ఎండలేదు. బురద అలాగే ఉండగా ఆ తడి మీద సున్నం చల్లి నీళ్లు పెట్టేశారు. ఏ సున్నం అంటే సంచి చూపించారు. సున్నపురాయి పొడి. అది నీటిలో ఆల్కలినిటీకి పనికొస్తుంది, స్పోరును ఏమీ చేయదు. స్పోరు గోడ అంత తేలిగ్గా లొంగేది కాదు.

పైగా ఎండాకాలం. ఉప్పుశాతం 2 పీపీటీ ఉన్న నీటిలోనూ ఈహెచ్‌పీ అంటుకుంటుంది గానీ, 30 దగ్గర తీవ్రత బాగా ఎక్కువ. 28 పీపీటీ నీళ్లు దానికి అనుకూలం.

మందు అడిగారు. లేదన్నాను. బావమరిదికి నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి మందు లేదంటే ఎట్లా సార్? ఏదో ఒకటి రాయండి" అన్నాడు. కణం లోపల కూర్చున్నదాన్ని చంపి రొయ్యను వదిలే మందు లేదు, యాంటీబయాటిక్ బ్యాక్టీరియాకు తప్ప దీనికి పనిచేయదు, పైగా నిషేధంలో ఉన్నది వాడి రొయ్యలో దొరికితే ఎగుమతి కంటైనరే వెనక్కి వస్తుంది. అవన్నీ చెప్పినా ఆయన మొహం మారలేదు. ఆ రోజు నాకు ఫీజు కూడా కాస్త మొహమాటంగానే ముట్టింది.

చేయగలిగింది నష్టాన్ని తగ్గించడం. తెల్ల రెట్ట ఈహెచ్‌పీ ఒక్కదానితోనే కాదు, దానికి విబ్రియో బ్యాక్టీరియా తోడైనప్పుడు ముదురుతుంది. అందుకని పేగుపురుగుల మందు ఆపించి, మేత నాలుగో వంతు తగ్గించి, చెక్ ట్రే (రొయ్య ఎంత తిన్నదో చూసే పళ్లెం) ఖాళీ అయితేనే తర్వాతి మేత అన్నాం. మధ్యలో పేరుకున్న బురదను రోజూ తోడించాం, ఏరియేటర్లు పెంచాం. రెట్ట పోగులు తగ్గాయి. ఎదుగుదల మాత్రం పెరగలేదు, పెరుగుతుందని నేను చెప్పనూ లేదు.

ఎప్పుడు పట్టాలన్నది అసలు ప్రశ్న. రైతు వంద కౌంట్ దాకా లాగుదామన్నాడు. వారం లెక్క వేసి చూపించాను. రెండో చెరువులో ఏడు రోజులకు 130 కిలోల మేత వేస్తే పెరిగిన బరువు 65 కిలోల చుట్టూ. కిలో రొయ్యకు రెండు కిలోల మేత, ఈ నిష్పత్తినే ఎఫ్‌సీఆర్ అంటారు. ఒకటో చెరువులో అదే లెక్క 1.2. పంట మొత్తం ఎఫ్‌సీఆర్ చూస్తే మంచి రోజులు చెడ్డ రోజుల్ని కప్పేస్తాయి, వారం ఎఫ్‌సీఆర్ అబద్ధం చెప్పదు. అది రెండున్నర దాటిన వారం పట్టేద్దామని ఒప్పందం. 75వ రోజున దాటింది. 175 కౌంట్, 600 కిలోలకు కాస్త తక్కువ. ఎగుమతి ఏజెంట్లు ముట్టుకోలేదు, లోకల్ బేరానికి పోయింది. నష్టమే. వంద కౌంట్ కోసం ఇంకో రెండు నెలలు మేత పోసుంటే నష్టం ఇంకా పెద్దది. ఒకటో చెరువు 118వ రోజుకు 45 కౌంట్‌కు వచ్చింది, రెండు టన్నులు దాటింది.

అడుగును శుభ్రం చేయడం

రెండో చెరువు నీళ్లు అలాగే కాలువలోకి వదలనివ్వలేదు. ఆ కాలువ నుంచే పది మంది నీళ్లు తోడుకుంటారు. క్లోరిన్ వేసి నిలవ పెట్టి, తర్వాత వదిలారు. వలలు, చెక్ ట్రేలు, ఏరియేటర్ రెక్కలు పొటాషియం పర్మాంగనేట్ 15 పీపీఎం నీటిలో ముంచి ఎండలో ఆరేశారు. క్లోరిన్ అయితే 40 పీపీఎం పడుతుంది.

నల్లబురద తోలించి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాక సున్నం. ఈసారి సంచి పొడి కాదు, నీళ్లు పోస్తే కుతకుత ఉడికే కాల్చిన సున్నం. హెక్టారుకు ఆరు టన్నులు, అంటే ఎకరానికి దాదాపు రెండున్నర. ఈ అంకె వినగానే ప్రతి రైతూ ఒకసారి నా మొహం చూస్తాడు. చల్లి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి వదిలేయాలి. పీహెచ్ 12కు చేరితేనే స్పోరు పని అయిపోయినట్టు. పాత గుల్లసున్నం తెస్తామన్నారు, చవకట. గాలికి, తేమకు ఎప్పుడో ఉడికిపోయిన సున్నంలో ఆ శక్తి ఉండదు, వద్దన్నాను. చల్లే కూలీలకు కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు రైతే తెచ్చాడు.

మూడో రోజు చెరువులోకి దిగి గుప్పెడు గుప్పెడు మట్టి తీసి, డిస్టిల్డ్ వాటర్లో కలిపి పీహెచ్ మీటరు పెట్టాను. నడిమధ్యన 12.2. గట్టు వారన 12. తూము మూలన 9.1. పల్లం మూల అది, బురద అడుగున ఇంకా జిగటగా ఉంది, నాగలి అక్కడిదాకా పోలేదు. తూము మూలను పారతో తవ్వించి, మళ్లీ సున్నం వేసి కలిపించాం. రెండోసారి 12.1 వచ్చింది. ఆ మూలను వదిలేసి నీళ్లు పెట్టుంటే, రొయ్యలు రాత్రిళ్లు చేరే చోటు అదే.

తర్వాతి పంటకు హేచరీని మార్చారు. తల్లి రొయ్యల రెట్టకు పీసీఆర్ చేసిన రిపోర్టు అడిగి తీసుకున్నారు. సీడ్‌ను మళ్లీ విడిగా పరీక్ష చేయించారు. ఒక్కో చెరువుకు ఒక్కో వల. నీళ్లు రిజర్వాయర్లో క్లోరిన్ చేసి, ఫిల్టర్ సంచుల గుండానే చెరువులోకి. 40వ రోజు రెండో చెరువు రెట్టలో ఈహెచ్‌పీ దొరకలేదు, సైజులు ఒకే తీరుగా ఉన్నాయి.

ఒకటో చెరువుకు మాత్రం కాల్చిన సున్నం వేయలేదు. పంట బాగా వచ్చిందిగా, మళ్లీ అంత ఖర్చెందుకు అన్నారు, మామూలుగా ఎండబెట్టి వదిలేశారు. మొదటి పంటలో 34 ఉన్న దాని సీటీ, పట్టుబడి ముందు 31కి వచ్చి ఉంది. ఈసారి 40వ రోజుకే 27. రొయ్య ఇంకా ఎదుగుతూనే ఉంది, రెట్ట మామూలుగానే ఉంది. పట్టుబడి కాగానే దింపించేలా రెండున్నర టన్నుల సున్నానికి బావమరిదే అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు.